పిల్లల రక్తపోటుకు చేవెళ్ళ పొలాల జవాబు

బీజాపూర్ రోడ్డు మీద తెల్లవారకముందే కూరగాయల బండ్లు కదులుతాయి. చేవెళ్ళ, మొయినాబాద్, శంకర్‌పల్లి ఊళ్ళలో కోసిన టమాట, క్యారెట్, బీట్‌రూట్, పాలకూర, తోటకూర, పుంటికూర, కొత్తిమీర ఆటో ట్రాలీలెక్కి మెహదీపట్నం రైతుబజారుకూ గుడిమల్కాపూర్ మార్కెట్‌కూ చేరతాయి. కాస్త పొద్దెక్కాక అదే రోడ్డు మీద నగరం నుంచి ఇటువైపు ఇంకో సరుకు వస్తుంది. చిప్స్, మిక్చర్, నూడుల్స్, మసాలా బఠానీలు, దండలుగా కట్టిన ఐదు రూపాయల ప్యాకెట్లు. బడి గేటు దగ్గర కిరాణా కొట్లలో అవి వేలాడుతుంటాయి.

ఊరి నుంచి పోయేదేమిటి, ఊరికి వచ్చేదేమిటి అని ఖనిజ లవణాల లెక్క వేస్తే ఒక చిత్రం కనిపిస్తుంది. పొటాషియం, మెగ్నీషియం, క్యాల్షియం ఊరు దాటి పోతున్నాయి. సోడియం ఊళ్ళోకి వస్తోంది. ఈ నాలుగు ఖనిజాలూ పిల్లల రక్తనాళాల్లో కలుసుకుంటాయి. అక్కడ ఏం జరుగుతుందో చెప్పడానికే ఈ అధ్యాయం. పిల్లల రక్తపోటు గురించి మాట్లాడినప్పుడల్లా మనం ఉప్పు తగ్గించమని మాత్రమే చెబుతున్నాం. అది సగం మాట. మిగతా సగం ఈ పొలాల్లోనే పండుతోంది.

ముందు అసలు ప్రశ్న: పిల్లలకు బీపీ ఏమిటి? చాలామంది తల్లిదండ్రులకు ఈ మాట వింతగా ఉంటుంది. బీపీ అంటే తాతకో అమ్మమ్మకో వచ్చేదని మన నమ్మకం. నిజానికి ప్రతి పిల్లవాడికీ రక్తపోటు ఉంటుంది, వయసుతోపాటు, ఎత్తుతోపాటు అది మెల్లగా పెరుగుతుంది. ఆ పెరుగుదల ఎంత వేగంగా ఉందన్నదే అసలు విషయం. తోటి పిల్లల్లో ఎక్కువ రక్తపోటు ఉన్నవారు పెద్దయ్యాక కూడా ఎక్కువ వైపే ఉండే అవకాశం హెచ్చు. నలభయ్యేళ్ళప్పుడు డాక్టరు చెప్పే బీపీకి మొదలు చాలాసార్లు ఐదో తరగతిలోనే పడి ఉంటుంది.

పెద్దలకు ఉన్నట్టు పిల్లలకు ఒకే గీత లేదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలను ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. వాటి ప్రకారం పదమూడేళ్ళు నిండినవారికి 120/80 నుంచి జాగ్రత్త మొదలవుతుంది, 130/80కి చేరితే అధిక రక్తపోటు. అంతకంటే చిన్నవాళ్ళకు వయసు, ఎత్తు, ఆడపిల్లా మగపిల్లాడా అన్నది చూసి పట్టికలో పోల్చుకోవాలి. పట్టిక చేతిలో లేనప్పుడు ఒక గుర్తు పెట్టుకోవచ్చు. పదేళ్ళ పిల్లలకు 108/72 దాకా వచ్చిందంటే మళ్ళీ శ్రద్ధగా కొలవాలి. జబ్బని కాదు, కొలవాలని మాత్రమే. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు ఎక్కువ వస్తే తప్ప పిల్లవాడికి అధిక రక్తపోటు ఉందని తేల్చకూడదు.

గీత ఎక్కడ గీశామన్నది ఎంత తేడా తెస్తుందో మన దేశంలోనే చూశాం. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే నివేదిక, పది నుంచి పందొమ్మిదేళ్ళ వారిలో దాదాపు 5 శాతం మందికి అధిక రక్తపోటు ఉందని చెప్పింది. అదే సర్వే కొలతల్ని 2017 నాటి కొత్త గీతలతో మళ్ళీ లెక్కగట్టినప్పుడు ఆ సంఖ్య నూటికి పాతిక దాటింది. పిల్లలు వాళ్ళే, కొలతలూ అవే. పైగా అది ఒకే రోజు చూసిన కొలత. అందుకని పాతిక శాతం పిల్లలు జబ్బుతో ఉన్నారని నేను అనను. కానీ ఐదు శాతమేనని నిశ్చింతగా కూర్చోవడానికీ లేదు.

ఇక ఖనిజాలు. చేవెళ్ళ రైతుకు డ్రిప్ పైపులు కొత్త కాదు. మోటారు గట్టిగా తోసినా ఒత్తిడి పెరుగుతుంది, పైపు సన్నబడినా పెరుగుతుంది. రక్తనాళాల్లోనూ ఈ రెండు దారులే. సోడియం మొదటి దారిలో పనిచేస్తుంది. అది ఒంట్లో నిలిస్తే దానితోపాటు నీరు నిలుస్తుంది, నాళాల్లో ద్రవం పెరుగుతుంది. రెండో దారి నాళం గోడలో ఉన్న సన్నని కండరంది. ఆ కండరం బిగుసుకోవాలంటే దాని కణాల్లోకి క్యాల్షియం చేరాలి. మెగ్నీషియం ఆ క్యాల్షియానికి అడ్డు నిలిచి కండరాన్ని సడలిస్తుంది.

మరి క్యాల్షియం తింటే నాళాలు బిగుసుకోవాలి కదా? జరిగేది దానికి వ్యతిరేకం. ఆహారంలో క్యాల్షియం చాలకపోతే రక్తంలో దాని మట్టం పడిపోకుండా పారాథైరాయిడ్ హార్మోన్ పెరుగుతుంది. ఆ హార్మోన్ ఒత్తిడిలో నాళాల కండర కణాల్లోకి క్యాల్షియం మరింత చేరుతుంది. తిండిలో తక్కువైన ఖనిజం కణంలో ఎక్కువవుతుందన్నమాట. శరీరం లెక్కలు మన లెక్కల్లా సూటిగా ఉండవు.

పొటాషియం కథ ఇంకా ఆసక్తికరం. మన ప్రతి కణం పొరలోనూ ఒక చిన్న పంపు ఉంటుంది. అది మూడు సోడియం అయాన్లను బయటికి తోసి రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌ 1957లో పీత నరాల మీద పనిచేస్తూ ఈ పంపును కనుగొన్నాడు. నలభై ఏళ్ళ తర్వాత, 1997లో, అందుకు నోబెల్ బహుమతి అందుకున్నాడు. మూత్రపిండాల్లో పొటాషియం చేసే పని మరీ ముఖ్యం. తిండిలో పొటాషియం తగ్గిందని మూత్రపిండం గుర్తించగానే, మూత్రంలో పోవాల్సిన సోడియాన్ని వెనక్కి లాక్కోవడం మొదలుపెడుతుంది. పొటాషియం సరిపడా అందితే ఆ సోడియాన్ని వదిలేస్తుంది. బీపీకి డాక్టర్లు రాసే నీటి మాత్రల్లో ఒక రకం సరిగ్గా ఈ చోటే పనిచేస్తుంది. ఒకే మోతాదులో ఉప్పు తిన్న ఇద్దరు పిల్లల్లో కూరాకు బాగా తినేవాడి ఒంట్లో సోడియం తక్కువ నిలుస్తుందంటే కారణం ఇదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 2 గ్రాముల సోడియం మించొద్దనీ, 3.5 గ్రాముల పొటాషియం అయినా అందాలనీ చెబుతుంది. పిల్లలకు వాళ్ళు తినే తిండికి తగ్గట్టు రెండింటినీ కుదించుకోవాలి. అయాన్ల సంఖ్యలో చూస్తే సోడియం, పొటాషియం నిష్పత్తి దాదాపు ఒకటికి ఒకటి. 2 గ్రాముల సోడియం అంటే 5 గ్రాముల ఉప్పు. మన తెలుగు ప్రాంతంలో పెద్దలు రోజుకు దాదాపు 9.5 గ్రాముల ఉప్పు తింటున్నారని 2017లో వెలువడిన ఒక అధ్యయనం మూత్ర పరీక్షలతో తేల్చింది. ఆ ఉప్పులో ఎక్కువ భాగం ప్యాకెట్లది కాదు, మన పొయ్యి మీద మనం వేసుకున్నదే. పప్పులో, తొక్కులో, పచ్చిపులుసులో, మామిడికాయ పచ్చడిలో. పిల్లలు తినేదీ ఆ గిన్నెలోంచే. ప్యాకెట్లను తిట్టడం తేలిక. అవి తోడయ్యాయన్నదీ నిజమే. కానీ మొదటి చెయ్యి మనదే.

పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో నాకు అన్నిటికంటే విలువైనవిగా కనిపించేవి డచ్చి దేశం నుంచి వచ్చాయి. అక్కడ ఆల్బర్ట్ హాఫ్‌మన్ బృందం 476 మంది పసికందుల్ని రెండు గుంపులు చేసి, ఆరు నెలలపాటు ఒక గుంపుకు మామూలు సోడియం, ఇంకో గుంపుకు తక్కువ సోడియం ఉన్న ఆహారం ఇచ్చింది. ఆరు నెలలకు తక్కువ సోడియం బిడ్డల బీపీలో పై అంకె 2.1 పాయింట్లు తక్కువగా ఉందని 1983లో ప్రకటించారు. ఆ తర్వాత వాళ్ళెవరికీ ప్రత్యేక ఆహారం లేదు. పదిహేనేళ్ళ తర్వాత దొరికిన 167 మందిని మళ్ళీ కొలిస్తే, ఆ తేడా పోలేదు సరికదా 3.6 పాయింట్లకు చేరింది. ఆరు నెలల తిండి పదిహేనేళ్ళు నిలిచింది. పసిబిడ్డ ఉగ్గులో, మెత్తని పప్పన్నంలో ఉప్పు వేయాల్సిన పనిలేదని డాక్టర్లు చెప్పినప్పుడు, చప్పగా ఉంటే బిడ్డ ఎలా తింటాడని మనం వాదిస్తాం. చప్పదనం మన నాలుకకే, ఉప్పు రుచే తెలియని బిడ్డకు కాదు.

అదే దేశంలో జూటర్‌మేర్ అనే పట్టణంలో 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 233 మందిని ఏడేళ్ళు వెంబడించారు. ఏటా మూత్రంలో సోడియం, పొటాషియం కొలిచారు, బీపీ చూశారు. 1990లో వచ్చిన ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది. సోడియం ఒక్కదాన్నే చూస్తే బీపీ పెరిగే వేగంతో స్పష్టమైన సంబంధం కనిపించలేదు. పొటాషియం ఎక్కువ తిన్న పిల్లల్లో మాత్రం బీపీ నెమ్మదిగా పెరిగింది. సోడియానికీ పొటాషియానికీ ఉన్న నిష్పత్తి కూడా బీపీ పెరిగే వేగంతో ముడిపడి ఉంది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచిన మాటకు ఇంతకంటే సూటైన ఆధారం లేదు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 95 మంది చిన్నపిల్లల్ని ఎనిమిదేళ్ళు గమనించినప్పుడు కూడా కూరగాయలు, పండ్లు ఒకవైపు, పాలు ఇంకోవైపు, రెండూ బాగా తీసుకున్నవారి పై అంకె కౌమారం మొదట్లో సుమారు 106 దగ్గర ఉంటే, రెండూ తక్కువ తిన్నవారిది 113 దగ్గర ఉంది. ఇది చిన్న అధ్యయనం, పైగా ఎవరికి వారు ఎంచుకున్న తిండి. అయినా డచ్చి ఫలితంతో ఒకే వైపు చూపిస్తోంది.

క్యాల్షియం విషయంలో సాక్ష్యం కాస్త బలహీనం. పిల్లలకు మాత్రలిచ్చి చూసిన ప్రయోగాల్లో తేడా చిన్నదే. అది కూడా ముందు నుంచీ క్యాల్షియం తక్కువ తింటున్న పిల్లల్లోనే ఎక్కువ కనిపించింది. మెగ్నీషియానికి పిల్లల్లో ఆధారాలు ఇంకా పలుచన. అందుకే మాత్రల సీసాల కోసం పరుగెత్తవద్దు. ఈ ఖనిజాలు తిండిలోనే కలిసి వచ్చినప్పుడు బీపీ తగ్గుతుందని, అమెరికాలో పెద్దల మీద జరిగి 1997లో వెలువడిన డాష్ ఆహార ప్రయోగం చూపించింది.

మన తిండిలో ఈ ఖనిజాలు ఎక్కడ పోయాయి? జవాబులో పెద్ద భాగం జొన్నల దగ్గర ఉంది. ఈ నేలలో ఒకప్పుడు జొన్న రొట్టె, జొన్న గట్క, అంబలి రోజువారీ తిండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికలు తెరిస్తే, వంద గ్రాముల పాలిష్ బియ్యంలో మెగ్నీషియం 20 మిల్లీగ్రాముల లోపే, పొటాషియం 108. అదే వంద గ్రాముల జొన్నల్లో మెగ్నీషియం 133, పొటాషియం 328. రాగుల్లో మెగ్నీషియం 146, పొటాషియం 443, క్యాల్షియం 364. బియ్యంలో క్యాల్షియం ఎనిమిది మిల్లీగ్రాములు కూడా లేదు. రోజుకు పావుకిలో ధాన్యం తినే పిల్లవాడు బియ్యం బదులు జొన్న తింటే, ఇంకేమీ మార్చకుండానే సుమారు 550 మిల్లీగ్రాముల పొటాషియం, దాదాపు 280 మిల్లీగ్రాముల మెగ్నీషియం అదనంగా పళ్ళెంలోకి వస్తాయి. తృణధాన్యాల్లోని ఫైటేట్లు అందులో కొంత పట్టి ఉంచుతాయి, అంతా ఒంటికి పట్టదు. అయినా తేడా చిన్నది కాదు.

జొన్న స్థానంలోకి అన్నం వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక పేద ఇళ్ళలో పూటలు గడిచాయి. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని నేను తప్పుపట్టను. కడుపు నిండాక ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న వేరు. పళ్ళెంలోకి వారానికి మూడు పూటలైనా జొన్న రొట్టె తిరిగి రాగలదా? అమ్మమ్మలకు ఆ రొట్టె కొట్టడం ఇంకా వచ్చు. రొట్టెను ఉప్పు లేకుండానే చేసుకోవచ్చన్నది ఇంకో లాభం. 2023లో తెలంగాణ సర్కారు బడుల్లో పెట్టించిన రాగిజావ సరైన దారిలో వేసిన అడుగు. ముప్పై గ్రాముల రాగి పిండి పడ్డ గ్లాసు జావలో వందకు పైగా మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది. పదీ పన్నెండేళ్ళ మధ్య పిల్లలకు రోజుకు కావలసింది 850. మిగతాది పాలు, పెరుగు, నువ్వులు, ఆకుకూరల నుంచి రావాలి. పాలకూరలో పొటాషియం, మెగ్నీషియం దండిగా ఉన్నా, ఆక్సలేట్ల వల్ల అందులోని క్యాల్షియం ఒంటికి పెద్దగా పట్టదు. ఆ పనికి మునగాకు, పాలు మేలు. కూరాకు ఉడికించిన నీళ్ళు పారబోస్తే పొటాషియం ఆ నీళ్ళతోనే పోతుంది, పప్పులో వేసి వండితే గిన్నెలోనే ఉంటుంది.

నీళ్ళ సంగతీ చెప్పాలి. ఈ ప్రాంతంలో చాలా భాగం గట్టి రాతి నేల. రాతి పగుళ్ళలోంచి వచ్చే బోరు నీటికి సాధారణంగా కఠినత్వం ఎక్కువ. ఆ కఠినత్వమంటే కరిగిన క్యాల్షియం, మెగ్నీషియమే. ఇప్పుడు ఊరూరా ఆర్‌ఓ ప్లాంట్లు వచ్చాయి, ఇంటికి క్యాన్లు వస్తున్నాయి. నల్లగొండలో ఫ్లోరైడ్ ఏం చేసిందో చూసిన తెలంగాణకు శుద్ధి చేసిన నీటి అవసరం ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఆర్‌ఓ ప్లాంటులోని పొర ఫ్లోరైడ్‌తోపాటు క్యాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ తీసేస్తుంది. బోరు నీళ్ళకు తిరిగి వెళ్ళమని నేను చెప్పడం లేదు. నీటిలో పోయింది తిండిలో రావాలని చెబుతున్నాను.

ఇంకాస్త వెనక్కి, పుట్టుకకు ముందుకు వెళ్దాం. అర్జెంటీనాలోని రొసారియోలో గర్భిణులకు క్యాల్షియం ఇచ్చిన ప్రయోగం ఒకటుంది. ఆ బిడ్డలకు ఏడేళ్ళు వచ్చాక చూస్తే, క్యాల్షియం అందిన తల్లుల పిల్లల్లో అధిక రక్తపోటు 11.4 శాతం, అందని తల్లుల పిల్లల్లో 19.3 శాతం అని 1997లో ప్రకటించారు. తేడా ముఖ్యంగా బరువెక్కువ ఉన్న పిల్లల్లో కనిపించింది. మన దగ్గరే, హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో, 1987 నుంచి 1990 దాకా ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. పదిహేను ఊళ్ళలో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు అంగన్‌వాడీల ద్వారా అదనపు ఆహారం అందింది. పద్నాలుగు ఊళ్ళలో అప్పటికింకా అందలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వయసుకు వచ్చాక పరిశోధకుడు సంజయ్ కిన్రా, జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కలిసి 1,165 మందిని పరీక్షించారు. 2008లో ఫలితం వచ్చింది. ఆహారం అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. వాళ్ళ రక్తనాళాల బిరుసుదనం తక్కువ. బీపీ అంకెలో మాత్రం స్పష్టమైన తేడా కనిపించలేదు. ఈ చివరి మాటను దాచకూడదు. దాన్ని నేను అర్థం చేసుకునేది ఇలా: తిండి ముందు నాళం గోడ మీద పనిచేస్తుంది, అంకెలో అది తేలడానికి ఏళ్ళు పట్టవచ్చు. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణికి భోజనంతోపాటు ఇచ్చే 200 మిల్లీలీటర్ల పాలను ఈ కంటితో చూడాలి. ఆ గ్లాసు పాలు తల్లి అక్కడే తాగాలి, ఇంటికి తెచ్చి మామగారి టీలో కలిపితే పుట్టబోయే బిడ్డకు అందవు.

ఉప్పు బదులు పొటాషియం కలిపిన ఉప్పు వాడొచ్చు కదా అని కొందరు అడుగుతారు. తెలంగాణలోని ఏడు పల్లెల్లో బీపీ ఉన్న 502 మంది పెద్దల మీద చూసినప్పుడు, 30 శాతం పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు మూడు నెలల్లో పై అంకెను 4.6 పాయింట్లు తగ్గించిందని 2021లో తేలింది. పెద్దలకు ఇది మంచి వార్త. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఈ రకం ఉప్పును సిఫారసు చేసినప్పుడు పిల్లల్ని, గర్భిణుల్ని, మూత్రపిండాల జబ్బు ఉన్నవారిని మినహాయించింది. పిల్లల పొటాషియం కూరాకు నుంచి, అరటిపండు నుంచి, పప్పు నుంచి రావాలి, ఉప్పు డబ్బా నుంచి కాదు.

ఒక హెచ్చరిక కూడా. ఆరేళ్ళలోపు పిల్లలకు బీపీ బాగా ఎక్కువ ఉందంటే దాని వెనక చాలాసార్లు మూత్రపిండాల జబ్బో, రక్తనాళాల లోపమో ఉంటుంది. అది కూరాకుతో తీరేది కాదు, ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. ఇంకో మాట: పెద్దపిల్లల్లో బీపీని అన్నిటికంటే ఎక్కువ పెంచేది ఒంటి బరువు. ఖనిజాల లెక్క ఎంత బాగున్నా ఆటస్థలం లేని బడి ఆ లెక్కను పాడుచేస్తుంది.

మార్పు ఎవరితో మొదలవ్వాలంటే, పిల్లలతోనే అంటాను. 2013లో ఉత్తర చైనాలోని చాంగ్‌ఝీ పట్టణంలో 28 బడుల్లో ఈ పద్ధతి పరీక్షించారు. సగం బడుల్లో ఐదో తరగతి పిల్లలకు ఉప్పు గురించి పాఠాలు చెప్పి, ఇంటికి వెళ్ళి తల్లికీ తాతకూ చెప్పమన్నారు. ఒక్క సెమిస్టరులో ఆ పిల్లల ఉప్పు రోజుకు 1.9 గ్రాములు, ఇంట్లో పెద్దలది 2.9 గ్రాములు తగ్గింది. పెద్దల పై అంకె 2.3 పాయింట్లు దిగింది. చేవెళ్ళ, మొయినాబాద్ బడుల్లో ఈ పాఠం ఇంకా తేలిక, ఎందుకంటే పాఠంలో సగం బడి గోడ అవతల మొలిచి ఉంది. ఇక్కడి రిజర్వాయర్ల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో ఈ పల్లెల్లో కట్టడాలకు అడ్డు పెట్టడం వల్లే ఇన్ని తోటలు నగరం అంచున మిగిలాయి. అవి ఎన్నాళ్ళు ఉంటాయో ఇప్పుడు పాలకుల చేతిలో ఉంది. ఉన్నన్నాళ్ళు, మార్కెట్ బండి కదిలేముందు ఒక కట్ట తోటకూర మధ్యాహ్న భోజనం గిన్నె కోసం ఆగాలి. దానికి పంచాయతీ, బడి, ఊళ్ళో రైతులు కూర్చుని మాట్లాడుకుంటే చాలు, పెద్ద ఖర్చు లేదు.

ఈ పేజీ చదువుతున్న తల్లిదండ్రులకు చివరగా ఒక మనవి. మూడేళ్ళు దాటిన పిల్లలకు ఏడాదికి ఒకసారి బీపీ చూపించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. పెద్దవాళ్ళ పట్టీ పిల్లల చేతికి చుడితే అంకె తప్పు వస్తుంది, పిల్లల పట్టీ ఉందా అని అడిగి మరీ చూపించండి. పిల్లవాడు ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక, వీపు ఆనించి, పాదాలు నేల మీద ఉంచి, కుడిచేతికి కొలవమనండి. వచ్చిన అంకెను టీకాల కార్డు వెనక రాసిపెట్టుకోండి, వచ్చే ఏడాది దాని పక్కనే ఇంకో అంకె రాయాల్సి ఉంటుంది.